ఫిష్ అండ్ చిప్స్‌లో అసలు పేచీ నీటితోనే

ఫిష్ అండ్ చిప్స్ అంటే పిండిలో ముంచి వేయించిన చేప, దాని పక్కన వేయించిన బంగాళాదుంప ముక్కలు. బ్రిటన్‌లో ఒకప్పుడు రోజుకూలీ కూడా జేబు తడుముకోకుండా కొనుక్కున్న తిండి. ఇప్పుడా మాట అనలేం. 2019లో సగటున ఆరున్నర పౌండ్లున్న పొట్లం 2024 నాటికి పది పౌండ్ల దగ్గరకు వచ్చేసింది. నలుగురున్న ఇంట్లో శుక్రవారం రాత్రి బయట నుంచి తెచ్చుకుంటే నలభై పౌండ్లు. అందుకే ఇంట్లోనే చేసుకుందాం అనుకునేవాళ్లు ఎక్కువయ్యారు. ఉత్తర ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ ప్రాంతంలోని లీడ్స్‌లో నాకు తెలిసిన తెలుగు ఇళ్లలో కూడా పిల్లలు అడగడం, పెద్దవాళ్లు మూకుడు పెట్టడం మామూలైపోయింది.

చేసినవాళ్లు చెప్పే కష్టం మాత్రం అందరిదీ ఒకటే. చేప మీద పిండి పైకి బాగానే కనిపించింది గానీ లోపల ముద్దలా ఉంది, దుంప ముక్కలు నూనె పీల్చేసి వేలాడిపోయాయి. సలహా అడిగితే పిండిలో బీరు పోయాలని ఒకరంటారు. బీరు అక్కర్లేదు, సోడా చాలంటారు ఇంకొకరు. దుంపల్ని రెండుసార్లు వేయించాలని, కాదు ముందు ఉడకబెట్టాలని, అసలు బీఫ్ కొవ్వులో తప్ప ఆ రుచి రాదని తలా ఒక మాట. వీటిలో ఏదీ ఉత్తి మాట కాదు. అన్నిటినీ కలిపే దారం ఒకటుంది. ముక్కలో నీరు ఎంత ఉంది, ఎంత బయటికి పోవాలి, ఎంత లోపలే ఉండాలి. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా వాదనలన్నీ వాటంతట అవే విడిపోతాయి.

చిప్స్ అంటే ఏ చిప్స్?

మనకి చిప్స్ అంటే పల్చగా తరిగి కరకరలాడేలా వేయించిన ప్యాకెట్ సరుకు. బ్రిటన్‌లో వాటిని క్రిస్ప్స్ అంటారు. అక్కడి చిప్స్ బొటనవేలంత లావున ఉండే దుంప ముక్కలు. పైన సన్నటి పెళుసు పొర, లోపల ఉడికిన ముద్ద. బర్గర్ షాపుల్లో దొరికే సన్నటి పుల్లలు ఫ్రైస్. ఈ లావు సన్నాల తేడా పేరుతో ఆగేది కాదు, ఆ లెక్క తర్వాత చూద్దాం.

చేపను ముంచే జారుడు పిండిని బ్యాటర్ అంటారు, మన బజ్జీ పిండి లాంటిదే. అమ్మే షాపును చిప్పీ అంటారు. పశువుల కొవ్వును కరిగించి వడకట్టితే వచ్చేది డ్రిప్పింగ్. ఇక స్క్రాప్స్ అంటే నూనెలో రాలిన పిండి పలుకులు. ఉత్తర ఇంగ్లండ్‌లో చాలా షాపుల్లో అడిగితే పొట్లం మీద ఒక గుప్పెడు చల్లి ఇస్తారు.

ఎవరి వంట ఇది?

వేయించిన చేపను ఇంగ్లండ్‌కి తెచ్చింది స్పెయిన్, పోర్చుగల్ నుంచి వలస వచ్చిన యూదులు. వాళ్లకి శనివారం పొయ్యి వెలిగించకూడదు కాబట్టి శుక్రవారమే పిండిలో ముంచి వేయించి, మర్నాడు చల్లారినదే తినేవాళ్లు. వేయించిన దుంప ముక్కలు ఉత్తరాది మిల్లు ఊళ్లలో వేరుగా పెరిగాయి. ఈ రెండూ ఒకే పొట్లంలోకి ఎప్పుడు చేరాయన్నది ఇప్పటికీ తేలని తగవు. 1860 ప్రాంతంలో తూర్పు లండన్‌లో జోసెఫ్ మాలిన్ పెట్టిన షాపే మొదటిదని దక్షిణాదివాళ్లు, 1863 ప్రాంతంలో లాంకషైర్ వైపు మాస్లీ సంతలో జాన్ లీస్ అమ్మినదే మొదటిదని ఉత్తరాదివాళ్లు అంటారు.

రెండో ప్రపంచ యుద్ధంలో మాంసం, వెన్న, చక్కెర అన్నిటికీ రేషన్ పెట్టిన ప్రభుత్వం దీని జోలికి మాత్రం వెళ్లలేదు. ఒక దేశం తన జనానికి కడుపు నింపే తిండిగా దీన్ని ఎంతగా నమ్ముకుందో అక్కడ తెలుస్తుంది.

ఇంత కలగాపులగంగా పుట్టిన వంటకు అచ్చమైన సంప్రదాయ పద్ధతి ఒక్కటే ఉంటుందనుకోవడం కష్టం. దక్షిణాదిన కాడ్ చేప, యార్క్‌షైర్‌లోనూ స్కాట్లండ్‌లోనూ హాడక్ చేప. లీడ్స్ వైపు డ్రిప్పింగ్, లండన్ వైపు నూనె. ఉప్పు, వినిగర్ దేశమంతా చల్లుకుంటారు, ఎడిన్‌బరోకి వెళ్తే ఉప్పుతో పాటు పల్చటి బ్రౌన్ సాస్ పోస్తారు. ఎవరి ఊరి పద్ధతి వాళ్లకి అసలైనది. పులుసులో బెల్లం వేయాలా వద్దా అన్నదాని మీద మన జిల్లాల మధ్య ఉండే పట్టింపే ఇది.

నూనెలో పడ్డాక ఏం జరుగుతుంది?

కాగిన నూనె 180 డిగ్రీల దగ్గర ఉంటుంది. నీరు 100 డిగ్రీలకే ఆవిరవుతుంది. ముక్క నూనెలో పడగానే దాని ఒంటి మీదున్న నీరు ఆవిరై బుడగలుగా తన్నుకుని బయటికి వస్తుంది. మనం వినే చిటపట ఆ నీటి చప్పుడే. నూనె ఎంత కాగినా లోపలి చేప 100 డిగ్రీలు దాటదు, అది తన నీటిలోనే ఉడుకుతుంది. పై పొర మాత్రం నీరు పూర్తిగా పోయాక 100 డిగ్రీలు దాటి, ఎర్రబడి, గట్టిపడుతుంది. అంటే పిండి తొడుగు లోపల చేప ఆవిరి మీద ఉడుకుతోందన్నమాట, ఇడ్లీ పాత్రలో ఇడ్లీ ఉడికినట్టు.

నూనె పీల్చడం గురించి మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది: నూనె సరిగా కాగకపోతే ముక్క నూనె తాగేస్తుందని. అందులో సగమే నిజం. ఆవిరి బయటికి తోసుకొస్తున్నంత సేపూ నూనె లోపలికి పెద్దగా పోలేదు. నూనెలో ఎక్కువ భాగం లోపలికి వెళ్లేది ముక్కను బయటికి తీసిన తర్వాతే. బయటికి తీయగానే లోపలి ఆవిరి చల్లారి కుంచించుకుపోతుంది, ఆ ఖాళీలోకి ఒంటికి అంటుకున్న నూనె లాక్కుపోతుంది. తీసిన మొదటి అర నిమిషంలో జల్లి గరిటెను గట్టిగా రెండు దులుపులు దులిపినదానికీ, అలాగే పళ్లెంలో కుమ్మరించినదానికీ తేడా అందుకే వస్తుంది. నూనె సరిగా కాగకపోవడం వల్ల వచ్చే నష్టం వేరు. పై పొర గట్టిపడటం ఆలస్యమై, మెత్తగా, రంధ్రాలతో తయారవుతుంది. తీశాక ఆ రంధ్రాలు ఎక్కువ నూనెను పట్టుకుంటాయి.

ఇప్పుడు లావు సన్నాల లెక్క. 14 మిల్లీమీటర్ల చదరంగా కోసిన ముక్కను నిలువునా, అడ్డంగా చీల్చి 7 మిల్లీమీటర్ల నాలుగు ముక్కలు చేశామనుకోండి. దుంప బరువు అంతే ఉంది, నూనె అంటుకునే పైభాగం మాత్రం దాదాపు రెట్టింపైంది. నూనె అంటుకునేది పైభాగానికే కాబట్టి అంతే బరువున్న సన్నటి ఫ్రైస్‌లో లావు చిప్స్ కన్నా ఎక్కువ నూనె ఉంటుంది. చూడటానికి మోటుగా ఉన్నా బ్రిటిష్ చిప్స్ ఈ విషయంలో మేలు.

దుంప దగ్గరే సగం ఫలితం తేలిపోతుంది

బ్రిటన్ చిప్పీల్లో ఎక్కువగా వినిపించే దుంప పేరు మారిస్ పైపర్. 1966 నుంచి సాగులో ఉన్న రకం. దాని గొప్పతనం పిండి పదార్థం ఎక్కువ, నీరు తక్కువ కావడం. ఉడికితే పిండిపిండిగా విడిపోతుంది. సలాడ్లలో వాడే జిగురు దుంపలు దీనికి పూర్తిగా ఎదురు, ఎంత ఉడికినా ముక్క ముక్కలాగే నిలబడుతుంది.

తేడా ఎంతో ఒక ఊహా లెక్కతో చూద్దాం. ఒక కిలో పిండి దుంపలో 240 గ్రాముల గట్టి పదార్థం, 760 గ్రాముల నీరు ఉన్నాయనుకుందాం. ఒక కిలో జిగురు దుంపలో 180 గ్రాముల గట్టి పదార్థం, 820 గ్రాముల నీరు. వేగిన చిప్స్‌లో ప్రతి గ్రాము గట్టి పదార్థానికి ఒకటిన్నర గ్రాము నీరు మిగిలితే బాగుంటుందని పెట్టుకుంటే, మొదటి దుంప 400 గ్రాముల నీటిని వదులుకోవాలి, రెండోది 550 గ్రాముల్ని. అంటే రెండో దుంప అదనంగా ఒక టీ గ్లాసుడు నీటిని ఆవిరి చేయాలి. అంతసేపు నూనెలో ఉంటే పైన మాడుతుంది, త్వరగా తీస్తే లోపలి నీరు బయటికొచ్చి పొరను మెత్తబరుస్తుంది. వంట చేసినవాళ్ల తప్పేమీ లేకుండానే చిప్స్ పాడవడం ఇలాగే.

మన రైతుబజార్లలో దుంపల మీద రకం పేరు రాసి ఉండదు. ఇంట్లో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. ఒక కప్పు ఉప్పును 11 కప్పుల నీళ్లలో కరిగించి దుంపను అందులో వేస్తే, పిండి దుంప మునుగుతుంది, జిగురు దుంప తేలుతుంది. చిప్స్ కోసమే మన దేశంలో తయారుచేసిన కుఫ్రీ చిప్సోనా రకాలు కూడా ఉన్నాయి గానీ, అవి ఎక్కువగా ప్యాకెట్ చిప్స్ తయారుచేసే కంపెనీలకే వెళ్తాయి.

ఇంకో చిక్కు చలి. దుంపను బాగా చల్లటి చోట పెడితే అందులోని పిండి పదార్థం కొంత చక్కెరగా మారుతుంది. ఆ చక్కెర వల్ల చిప్స్ లోపల ఉడకకముందే పైన నల్లబడతాయి. హైదరాబాద్ మార్కెట్‌కి ఆగ్రా వైపు కోల్డ్ స్టోరేజీల నుంచి వచ్చే దుంపలు తియ్యగా అనిపించడానికి కారణం ఇదే. బయట గాలి తగిలే చోట రెండు మూడు వారాలు ఉంచితే ఆ తీపి చాలావరకు తగ్గుతుంది. ఈ చక్కెర ఎక్కువైతే వేయించేటప్పుడు క్యాన్సర్‌కి కారణం కావొచ్చని అనుమానించే అక్రిలమైడ్ అనే పదార్థం కూడా ఎక్కువ తయారవుతుంది. 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు వేపుళ్లలో దీన్ని కనిపెట్టినప్పటి నుంచి ఆహార సంస్థలు జాగ్రత్తలు చెబుతున్నాయి. దుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టవద్దని చెబుతూ వచ్చిన బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2023లో ఆ సలహాను మార్చుకుంది, ఇళ్లలో ఫ్రిజ్‌లో పెట్టుకున్నా ఫర్వాలేదని చెప్పింది. దుంపలు పారేయడం తగ్గుతుందన్నది వాళ్ల ఉద్దేశం. ఆరోగ్యం వరకు ఆ మాట సరే. చిప్స్ రంగు మాత్రం సలహాను బట్టి మారదు, చక్కెరను బట్టే మారుతుంది.

ఒకసారా, రెండుసార్లా, మూడుసార్లా?

చాలా చిప్పీల్లో చిప్స్‌ని ఒక్కసారే వేయిస్తారు. అవి కాస్త మెత్తగా, వంచితే వంగేలా ఉంటాయి. వినిగర్ పోసుకుని తినడానికి అవే బాగుంటాయన్నది అక్కడి పాతతరం మాట. రెండుసార్లు వేయించే పద్ధతి బెల్జియంలో పాతుకుపోయింది. మొదట 130-140 డిగ్రీల దగ్గర రంగు రాకుండా లోపలి వరకు ఉడికిస్తారు. తీసి చల్లార్చి, 180-190 దగ్గర రెండోసారి వేయిస్తారు. చల్లారేటప్పుడు ఒంటి మీది నీరు ఆరిపోతుంది, మొదటిసారి ఉడికిన పిండి పదార్థం పైన ఒక పొరలా బిగుస్తుంది. రెండోసారి నూనెలో పడ్డాక ఆ పొర గట్టిపడుతుంది.

మూడుసార్లు వండే పద్ధతిని 1990లలో హెస్టన్ బ్లూమెంతాల్ అనే బ్రిటిష్ షెఫ్ ప్రచారంలోకి తెచ్చారు. ముందు నీళ్లలో విడిపోయేంత మెత్తగా ఉడికించి, ఆరబెట్టి, ఆపైన రెండుసార్లు వేయించడం. ముక్క అంచులు పగిలి గరుకుగా తయారవుతాయి. ఆ పగుళ్లే తర్వాత పెళపెళలాడే పొర అవుతాయి. తినడానికి చాలా బాగుంటుంది, నేనూ చేశాను. కానీ అది హోటల్ వంట. దాన్నే సంప్రదాయ పద్ధతి అనడం సరికాదు.

ఉడకబెట్టే నీళ్లలో చెంచాడు వినిగర్ వేయమని కొందరు చెబుతారు. ముక్క చితికిపోకుండా ఉండాలనుకునేవాళ్లకి అది పనికొస్తుంది. చింతపండు పులుసు ముందే పోస్తే కూరముక్క ఉడకదని మన ఇళ్లలో చెప్పే మాటే ఇది. పులుపు తగిలితే ముక్కను పట్టి ఉంచే జిగురు త్వరగా కరగదు.

పిండిలో బీరు ఎందుకు పోస్తారు?

బ్యాటర్ చేయాల్సిన పనులు రెండు. చేపలోని నీటిని లోపలే ఆపాలి. తనలోని నీటిని మాత్రం చకచకా వదిలేసి గట్టిపడాలి. ఈ రెండో పని దగ్గరే మైదా ఇబ్బంది పెడుతుంది. మైదాలో నీళ్లు పోసి కలిపే కొద్దీ అందులోని గ్లూటెన్ అనే జిగురు మాంసకృత్తు సాగుతుంది. పరోటా పిండికి ఆ సాగుడే కావాలి, ఇక్కడ అదే శత్రువు. సాగిన పిండి నీటిని వదలదు, కొరికితే రొట్టెలా నములుడు పడుతుంది.

బీరు మూడు రకాలుగా సాయం చేస్తుంది. అందులోని గ్యాస్ నూనె వేడికి ఒక్కసారిగా విచ్చుకుని పిండిని నురగలా పొంగిస్తుంది. ఆల్కహాల్ నీటికన్నా ముందే ఆవిరవుతుంది, గ్లూటెన్‌ను కూడా అంతగా సాగనివ్వదు. బీరులోని చక్కెర, మాంసకృత్తులు బంగారు రంగుకి తోడవుతాయి. చల్లటి బీరే ఎందుకంటే గ్యాస్ చల్లటి ద్రవంలోనే నిలుస్తుంది. గోరువెచ్చగా ఉంటే గిన్నెలోనే ఎగిరిపోతుంది.

మరి బీరు లేకపోతే? పాత చిప్పీల పద్ధతి మైదా, చల్లటి నీళ్లు, కాస్త వంటసోడా, కొద్దిగా వినిగర్. సోడా, వినిగర్ కలిసి అదే గ్యాస్‌ను పుట్టిస్తాయి. కాబట్టి బీరు లేకుండా చేస్తే అసలైనది కాదన్న వాదన నిలవదు. చల్లటి సోడా నీళ్లు పోసి, మైదాలో నాలుగో వంతు బియ్యప్పిండి కలిపినా పని జరుగుతుంది. బియ్యప్పిండిలో గ్లూటెన్ లేదు, అందుకే పొర పెళుసుగా వస్తుంది. బజ్జీ పిండిలో గుప్పెడు బియ్యప్పిండి, చిటికెడు వంటసోడా వేసే మన అమ్మమ్మలు ఇంత వివరంగా చెప్పకపోయినా చేసింది ఇదే. మద్యం ముట్టని ఇళ్లవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. వేడికి బీరులోని ఆల్కహాల్ చాలావరకు పోతుంది గానీ పూర్తిగా పోతుందని హామీ లేదు.

మా వీధి చిప్పీలో ఒకాయన చేప వేసే తీరును నేను చాలాసార్లు నిలబడి చూశాను. ముక్కను పొడి పిండిలో ఒకసారి దొర్లిస్తారు. ఆ పొడి చేప ఒంటి తడిని పీల్చుకుంటుంది, లేకపోతే ఆ తడి మీద నుంచి బ్యాటర్ జారిపోతుంది. తర్వాత తోక పట్టుకుని బ్యాటర్‌లో అటూ ఇటూ లాగి, గిన్నె అంచుకి ఒకసారి ఒరిపిస్తారు. నూనెలోకి తనకి దూరంగా వాలుగా దించి, తోక వదలకుండా నాలుగైదు సెకన్లు అలాగే పట్టుకుంటారు. అడుగున పిండి పొంగి ముక్క తేలడం వేలికి తెలిశాకే వదులుతారు. అంతకు ముందే వదిలేస్తే ముక్క మునిగి జాలీకి అతుక్కుపోతుంది. తీసే వేళని ఆయన గడియారం చూసి చెప్పరు. బుడగల చప్పుడు సన్నబడిందంటే పొరలో నీరు అయిపోవచ్చిందని, తీయొచ్చని.

కాడ్ ఎందుకింత ప్రియమైంది?

కాడ్, హాడక్ రెండూ చల్లటి సముద్రాల తెల్ల చేపలు. కొవ్వు చాలా తక్కువ. కండను కలిపి ఉంచే పొరలు పల్చన కాబట్టి కొద్దిపాటి వేడికే కరిగి, కండ పెద్ద పెద్ద రేకులుగా విడిపోతుంది. ఆ రేకుల మధ్య చిక్కుకున్న రసమే ఆ చేప రుచి.

బ్రిటన్‌కి ఈ చేప చాలా ఏళ్లు ఐస్‌లాండ్ చుట్టూ ఉన్న సముద్రం నుంచి వచ్చింది. ఐస్‌లాండ్ తన చేపల వేట హద్దును 1958లో 12 మైళ్లకు, 1972లో 50కి, 1975లో 200 మైళ్లకు పెంచింది. ప్రతిసారీ రెండు దేశాల పడవల మధ్య గొడవలు జరిగాయి. వాటినే కాడ్ యుద్ధాలు అంటారు. 1976లో బ్రిటన్ వెనక్కి తగ్గింది. హల్, గ్రిమ్స్‌బీ లాంటి రేవు పట్టణాల్లో వేటనే నమ్ముకున్న కుటుంబాలు రోడ్డున పడ్డాయి. ఇప్పుడు బ్రిటన్ తినే కాడ్‌లో ఎక్కువ భాగం దిగుమతే. చాలా చిప్పీలు వాడేది పడవ మీదే పట్టిన వెంటనే గడ్డకట్టించిన చేప. తాజా చేపకన్నా ఇది తక్కువని అనుకోవడం పొరపాటు. రేవుకి చేరడానికి రోజులు పట్టే చేపకన్నా గంటల్లో గడ్డకట్టినది చాలాసార్లు మేలే.

ధర పెరగడానికి మూలం కూడా ఇక్కడే ఉంది. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా తెల్ల చేపల మీద బ్రిటన్ 35 శాతం అదనపు సుంకం వేసింది. అదే ఏడాది పొద్దుతిరుగుడు నూనె ధర ఎగిసింది, ఆ మంట హైదరాబాద్ వంటింట్లో కూడా తెలిసింది. దానికి తోడు నార్వే, రష్యా కలిసి బారెంట్స్ సముద్రంలో కాడ్ వేట పరిమితిని తగ్గించుకుంటూ వస్తున్నాయి. 2025కి పెట్టింది 3,40,000 టన్నులు, అప్పటికి 1991 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదు.

ఇంట్లో చేసుకునే తెలుగువాళ్లకి కాడ్ దొరక్కపోతే దగ్గరి చేప పండుగప్ప. కండ తెల్లగా, రేకులుగా విడిపోతుంది. వంజరం కండ గట్టిది, పులుసుకి, వేపుడుకి బాగుంటుంది గానీ ఈ రేకులు రావు. చవగ్గా దొరికే బాసాలో నీరు ఎక్కువ. దానికి పావుగంట ముందు ఉప్పు రాసి, ఊరిన నీటిని గుడ్డతో ఒత్తేస్తే చాలా తేడా వస్తుంది. గడ్డకట్టిన ఏ చేపకైనా ఇది వర్తిస్తుంది, ఎందుకంటే కరిగేటప్పుడు నీరు ఊరుతూనే ఉంటుంది.

చిన్న మూకుడు, పెద్ద సమస్య

షాపులో వచ్చేది ఇంట్లో ఎందుకు రాదంటే, ముఖ్య కారణం నూనె పరిమాణం. ఒక ముక్క, పిండితో కలిపి 200 గ్రాములనుకుందాం. ఫ్రిజ్ చలి నుంచి ఉడికే వేడికి రావడానికి, అందులో 30 గ్రాముల నీరు ఆవిరి కావడానికి మొత్తం సుమారు 110 కిలోజౌళ్ల వేడి కావాలి. లీటరు నూనె ఒక్కో డిగ్రీ చల్లబడితే వదిలే వేడి దాదాపు 1.8 కిలోజౌళ్లు. స్టవ్ ఇచ్చే వేడిని పక్కన పెట్టి చూస్తే, ఒక లీటరు నూనె ఈ ముక్క వల్ల 60 డిగ్రీలు పడిపోతుంది. రెండు లీటర్లయితే 30 డిగ్రీలు. చిప్పీలో 25 లీటర్ల తొట్టి అయితే రెండున్నర డిగ్రీలు.

ఇంట్లో పెద్ద బర్నర్ మూకుడికి నిమిషానికి 60 నుంచి 90 కిలోజౌళ్లు అందించగలదు, కాబట్టి ఒక్క ముక్క వేస్తే నూనె కాసేపటికి కోలుకుంటుంది. లీటరు నూనెలో రెండు ముక్కలు ఒకేసారి వేస్తే మాత్రం, పొర బిగుసుకోవాల్సిన మొదటి నిమిషాల్లోనే నూనె చల్లబడిపోతుంది. పిండి ముద్దగా మారడానికి చాలా ఇళ్లలో కారణం బీరు లేకపోవడం కాదు, ఈ లెక్క.

అలాగని మూకుడు నిండా నూనె పోయడం ప్రాణాంతకం. పాత్రలో మూడో వంతుకి మించి నూనె పోయొద్దని బ్రిటన్ అగ్నిమాపక దళాలు దశాబ్దాలుగా చెబుతున్నాయి. రెండు లీటర్ల నూనెకి కనీసం ఆరు లీటర్లు పట్టే లోతైన పాత్ర కావాలన్నమాట. వెడల్పాటి మన బాణలి దీనికి సరిపోదు. నూనె అంటుకుంటే నీళ్లు చల్లడం అన్నిటికన్నా ఘోరమైన తప్పు. ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 1,700 లీటర్ల ఆవిరి అవుతుంది. మండే నూనె అడుగుకి దిగిన నీరు ఆ లెక్కన పేలి, నూనెను మంటలతో సహా పైకప్పుకి ఎగరేస్తుంది. పూర్వం తడి గుడ్డ కప్పమని చెప్పేవాళ్లు. ఇప్పుడు వీలైతే స్టవ్ ఆపి, పాత్రను కదపకుండా, తలుపు మూసి బయటికి వచ్చి ఫోన్ చేయమంటున్నారు. నూనె నుంచి పొగ లేస్తోందంటే అప్పటికే ఆలస్యమవుతోందని లెక్క.

ఎయిర్ ఫ్రయర్‌లో చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. చిప్స్ వరకు బాగానే వస్తాయి. జారుడు బ్యాటర్ మాత్రం అందులో కుదరదు. దాన్ని ఉన్నచోటే క్షణాల్లో బిగించేది కాగిన నూనె, వేడిగాలికి ఆ శక్తి లేదు. పిండి కారి జాలీలోకి దిగిపోతుంది. బ్రెడ్ పొడి అద్దిన చేప దానికి నప్పుతుంది, అది వేరే వంట.

డ్రిప్పింగ్ సంగతి మనవాళ్లు తెలుసుకోవాలి

నేను యార్క్‌షైర్ వచ్చిన కొత్తలో, మాంసం తినని ఒక స్నేహితురాలికి "చేప వద్దులే, ఉత్త చిప్స్ తిను" అని నేనే కొనిచ్చాను. ధరల బోర్డు కింద బీఫ్ డ్రిప్పింగ్ అని చిన్న అక్షరాల్లో రాసి ఉండటం మూడోసారి వెళ్లినప్పుడు గానీ నా కంటపడలేదు. ఆమెకి ఆ మాట చెప్పడం చాలా కష్టమైంది. ఆమె ఏమీ అనలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

బ్రిటన్ చట్టం ప్రకారం షాపులవాళ్లు 14 రకాల అలర్జీ పదార్థాల గురించి తప్పనిసరిగా చెప్పాలి. చేప, గోధుమ, పాలు, ఆవాలు అందులో ఉన్నాయి. బీఫ్ కొవ్వు ఆ జాబితాలో లేదు. కాబట్టి అడిగి తెలుసుకోవాల్సింది మనమే. నూనె వాడే షాపుల్లో కూడా చేప వేయించిన తొట్టిలోనే చిప్స్ వేస్తారేమో అడగాలి.

డ్రిప్పింగ్ పక్షాన నిలబడేవాళ్ల మాటలో కూడా నిజం ఉంది. మామూలు గది వేడిలోనే గడ్డకట్టే కొవ్వు కాబట్టి చల్లారాక పొర మీద జిడ్డుగా కారదు, పొర బిర్రుగా ఉంటుంది. వాసన ప్రత్యేకం. మరో పక్క, అందులో దాదాపు సగం సంతృప్త కొవ్వు, ఆవజాతి గింజల నుంచి తీసే రేప్‌సీడ్ నూనెలో అది పదో వంతు కూడా ఉండదు. ఇంట్లో చేసుకోవడంలో ఉన్న పెద్ద లాభం, మూకుట్లో ఏముందో మనకి తెలియడం.

పక్కన బఠాణీ, పైన వినిగర్

చిప్స్ పక్కన పెట్టే పచ్చటి ముద్దను మషీ పీస్ అంటారు. మారోఫాట్ అనే పెద్ద రకం ఎండు బఠాణీని రాత్రంతా వంటసోడా వేసిన నీళ్లలో నానబెట్టి, మర్నాడు విడిపోయేదాకా ఉడికిస్తారు. పులుపు ముక్కను గట్టిగా ఉంచితే, సోడా దాన్ని కరిగిస్తుంది. మన ఎండు బఠాణీతోనూ బాగా వస్తుంది, సోడా ఎక్కువైతే మాత్రం సబ్బు వాసన వేస్తుంది.

1980ల వరకు పాత వార్తాపత్రికల్లో చుట్టేవాళ్లు. సిరా తిండికి అంటుకుంటుందని అది మానేసి తెల్ల కాగితం, అట్టపెట్టెలు వచ్చాయి. మూత గట్టిగా బిగించిన పెట్టెలో లోపలి ఆవిరికి దారి ఉండదు. అది మళ్లీ నీరై, అంత కష్టపడి ఆరబెట్టిన పొర మీదే కూర్చుంటుంది. మంచి పెట్టెలకి అందుకే చిల్లులుంటాయి. ఇంట్లోనైతే వేయించిన ముక్కల్ని కాగితం మీద కుప్పగా పోసే బదులు జాలీ మీద విడివిడిగా పెడితే అడుగున కూడా గాలి ఆడుతుంది.

ఆఖర్న కౌంటర్ దగ్గర "సాల్ట్ అండ్ వినిగర్?" అని అడుగుతారు. చాలా షాపుల్లో ఆ సీసాలో ఉండేది బార్లీ నుంచి పులియబెట్టిన మాల్ట్ వినిగర్ కాదు, ఎసిటిక్ యాసిడ్‌ను నీళ్లలో కలిపి రంగు వేసినది. చట్టం దాన్ని వినిగర్ అని పిలవనివ్వదు. ఇంట్లో అసలైన మాల్ట్ వినిగర్ పోసుకుని రుచి చూస్తే తేడా తెలుస్తుంది. ఎలాగైనా అది నీరే, పడ్డ చోట పొర మెత్తబడుతుంది. మా పక్కింటి పెద్దాయన పొట్లం విప్పగానే సగానికే వినిగర్ పోసుకుని ముందు ఆ సగం తింటారు, మిగతా సగం కరకరలాడుతుండగానే దానికీ పోసుకుంటారు.